కడుపులో ఏదీ బతకదనుకున్న రోజులు

మా గది

మా గది ఆసుపత్రి వెనకవైపు, జనరేటర్ షెడ్డును ఆనుకుని ఉండేది. రోగులు అటు రారు. ఆపరేషన్లో తీసిన ముక్కలు మాత్రం, కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్ సీసాల్లో, పైన పేరు పట్టీలతో వస్తాయి. వాటిని కోసి, మైనంలో పోతపోసి, వెంట్రుక కంటే పలుచటి పొరలుగా చెక్కి, గాజు స్లైడ్ మీద పరిచి, రంగు పట్టించి, మైక్రోస్కోప్ కింద చూసి, కనిపించింది రాసి పంపడం మా పని. ముప్పై మూడేళ్లు నేను చేసింది ఇదే.

ఇప్పుడు పాథాలజీలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి ఏ పుస్తకం చదవాలో అడుగుతుంటారు. వాళ్లు చదివే పుస్తకాలు నేను చదివినవి కావు, కాబట్టి ఆ విషయంలో సాయం చేయలేను. నేను చెప్పగలిగింది వేరే ఉంది. పాఠంలో అందరూ ఒప్పుకున్న ఒక మాట నా కళ్లముందే పోయి, దాని చోటికి ఇంకోటి వచ్చింది. అది ఎలా జరుగుతుందో నేను లోపల ఉండి చూశాను. ఇన్నేళ్లయినా అది తలచుకుంటే నాకు ఆశ్చర్యం తగ్గలేదు.

మాది జగిత్యాల వైపు. పెళ్లయి సూరత్ వచ్చాను, మా ఆయన ఇక్కడ బట్టల మిల్లులో ఇంజనీరు. నేను చేరింది ఒక ట్రస్టు ఆసుపత్రి. దాని చుట్టుపక్కల మరమగ్గాల షెడ్లు. వాటిలో పనిచేసేవాళ్లలో చాలామంది మా కరీంనగర్ వైపు వాళ్లే. మగ్గాలను వాళ్లు సాంచలంటారు. గుజరాతీ రాక, హిందీ సగం వచ్చి, డాక్టరు ముందు తడబడేవాళ్లు. అందుకని తెలుగు రోగి వస్తే పై అంతస్తు వార్డుల నుంచి కబురు వచ్చేది: "విమలాబెన్, ఒకసారి వచ్చి మాట చెప్పి వెళ్లండి." బెన్ అంటే ఇక్కడివాళ్ల మాటలో అక్క. పాథాలజిస్టుకు రోగి ముఖం తెలియదంటారు. నాకు మాత్రం ఈ దుబాసీ పని వల్ల చాలా ముఖాలు తెలుసు. ఆ ముఖాల వల్లే ఈ కథ నాకు కథగా మిగిలింది.

రాజమల్లు చెప్పిన మాట

నేను చేరిన రెండో ఏడాది రాజమల్లు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, సన్నగా, చెవుల దాకా దూది పొట్టుతో. భార్య లచ్చవ్వ వెంట ఉంది. కడుపులో మంట. పేగు మొదట్లో పుండు ఉందని పరీక్షలో తేలింది.

ఆ రోజుల్లో అల్సర్ ఎందుకు వస్తుందని అడిగితే ఏ డాక్టరైనా ఒకటే చెప్పేవాడు. మనసులో ఆందోళన వల్ల కడుపులో యాసిడ్ ఎక్కువ పుడుతుంది, కారం, మసాలా, బీడీ దానికి తోడవుతాయి, యాసిడ్ పేగును తినేస్తుంది. మేము అదే చదివాం, పరీక్షల్లో అదే రాసి పాసయ్యాం.

సర్జన్ హిందీలో చెప్పిన మాట నేను రాజమల్లుకు తెలుగులో చెప్పాను. "కారం మానెయ్. ఫికర్ పెట్టుకోకు. ఫికర్ వల్లనే నీకు ఇది వచ్చింది."

అతను నా వైపు తికమకగా చూశాడు. "ఫికరేం లేదు మేడమ్. సాంచలు మంచిగ నడుస్తున్నయి. పిల్లలు మంచిగున్నరు. ఇంకొకటి జెప్పనా, తిన్నప్పుడు మంట తగ్గుతది. తినకుంటనే లేస్తది. కారం దిన్నా అంతే, తిన్నంకనే నిమ్మలమైతది."

నేను అది సర్జనుకు చెప్పాను. ఆయన నవ్వి, "ఆందోళన లోపల ఉంటుంది, అతనికి తెలియదు, అని చెప్పండి" అన్నారు. చెప్పాను. రాజమల్లు తలూపాడు. లచ్చవ్వ తల దించుకుంది. ఆమె ఎందుకు తల దించుకుందో నేను ఆ రోజు ఆలోచించలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే మా వాదన తీరు తెలుస్తోంది. రోగి ఆందోళన ఉందంటే మా సిద్ధాంతానికి సాక్ష్యం. లేదంటే, లోపల దాగి ఉందని సాక్ష్యం. ఏం చెప్పినా మేమే గెలుస్తాం. ఎటు తిప్పినా ఓడిపోని మాట ఎదురైనప్పుడు కాస్త అనుమానించాలని నాకు అప్పుడు ఎవరూ నేర్పలేదు. తింటే తగ్గుతుందని అతను తన నోటితో చెప్పాడు. అది మా లెక్కలో ఇమడలేదు గనక మా చెవిలోకే పోలేదు.

మందులు వేసుకున్నన్నాళ్లు తగ్గి, ఆపగానే మంట మళ్లీ వచ్చేది. చివరికి కడుపులో కింది సగం కోసేశారు. ఆ సగం సీసాలో నా బల్ల మీదికి వచ్చింది.

ఎర్ర పెన్సిల్

మా విభాగానికి పెద్ద దేశాయి సార్. తెల్ల బుష్ షర్టు, జేబులో ఎర్ర పెన్సిల్. జూనియర్ల రిపోర్టులు ఆయన దిద్దాకే పైకి పోతాయి. మనిషి కఠినం, కాని అబద్ధం ఆడడు. నాకు మైక్రోస్కోప్ కింద చూడటం నేర్పింది ఆయనే. "ముందు చూడు, తర్వాత పేరు పెట్టు" అనేవారు.

రాజమల్లు కడుపు పొర చూస్తున్నప్పుడు కడుపు గోడను కప్పే జిగురు కింద సన్నగా, వంకరగా, కామా గుర్తుల్లాంటివి గుంపులుగా కనిపించాయి. నూనె చుక్క వేసి పెద్ద కటకంతో చూశాను. బాక్టీరియాలా ఉన్నాయి. చూసింది చూసినట్టు రిపోర్టులో ఒక వాక్యం రాశాను.

సార్ పిలిచారు. కోప్పడలేదు, ఓపికగా చెప్పారు. "కడుపులో యాసిడ్ ఎంత ఘాటుదో తెలుసు కదా? ఇనుప మేకును కరిగించగలదు. అందులో ఏదీ బతకదు. ఇవి రంగు కలిపిన నీళ్లలో నుంచి వచ్చి ఉంటాయి." ఎర్ర పెన్సిల్‌తో ఆ వాక్యం కొట్టేశారు. తర్వాత మా టెక్నీషియన్ రమణిక్‌భాయిని పిలిచి, "నీళ్లు మార్చు, రంగు వడగట్టు" అన్నారు.

రమణిక్‌భాయి స్లైడ్లు తయారుచేసే మనిషి. మైనపు దిమ్మను బ్లేడు మీద నడిపితే పొర రిబ్బన్‌లా వచ్చేది. చాలా శుభ్రమైన మనిషి, రంగు సీసాల మూతలు కూడా రోజూ తుడిచేవాడు. ఆ మాటకు ఆయన ముఖం చిన్నబోయింది. నీళ్లు మార్చాడు, రంగు రెండుసార్లు వడగట్టాడు, కొత్త స్లైడ్ చేశాడు. వంకర గుర్తులు అలాగే ఉన్నాయి. అప్పుడు నీళ్లు కాచి వడపోశాడు. ఇంకా ఉన్నాయి. మూడోసారి ఆయన నా ముఖం చూడకుండా స్లైడ్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. తప్పంతా దేశాయి సార్ మీద వేయడం సులువు, కాని న్యాయం కాదు. నీళ్లలో నుంచి వచ్చినవైతే స్లైడ్ అంతటా ఉండాలి. ఇవి జిగురు పొర కిందే, కణాలను ఆనుకునే ఉన్నాయి. ఆ సంగతి నాకు కనిపించింది. అడగాల్సిన ప్రశ్న కూడా తోచింది. అడగలేదు. సార్ ఒక్కసారే కొట్టేశారు. తర్వాత తొమ్మిదేళ్లు నేనే కొట్టేసుకున్నాను. కొన్నాళ్లకు రాయడం మానేశాను, ఇంకొన్నాళ్లకు చూడటమే మానేశాను. కంటి ముందు ఉన్నదాన్ని చూడకుండా ఉండటం కూడా అభ్యాసంతో వస్తుంది. అది నాకు బాగానే వచ్చింది.

మళ్లీ తీసిన స్లైడ్లు

ఎక్కడో దూరదేశంలో ఇద్దరు డాక్టర్లు అల్సరుకు కారణం ఒక బాక్టీరియా అన్నారని పత్రికల్లో వస్తూనే ఉంది. మా లైబ్రరీకి ఆ పత్రికలు ఆలస్యంగా చేరేవి. వచ్చినవాటిని కూడా నేను పేజీ తిప్పేసేదాన్ని.

అహ్మదాబాదులో ఒక సదస్సుకు వెళ్లాను. ఒక యువ డాక్టరు లేచి ఆ సంగతి చెప్పాడు. ఎంత ప్రయత్నించినా పెరగని ఆ బాక్టీరియా పురుగు, పండగ సెలవులకు లాబులో అలాగే వదిలేసిన, పురుగుల్ని పెంచే ప్లేట్లలో పెరిగిందట. అప్పటిదాకా రెండు రోజులు చూసి పారేసేవాళ్లు, దానికి ఇంకాస్త సమయం కావాలి, అంతే. నమ్మేవాళ్లు లేక, ఆ ఇద్దరిలో చిన్నవాడు ఆ పురుగును పెంచి తనే తాగి జబ్బు తెచ్చుకున్నాడట. ముందు వరసలో పెద్దవాళ్లు నవ్వారు. నాకూ నవ్వు వచ్చేదే. అంతలో ఆ యువ డాక్టరు తెర మీద ఒక ఫొటో వేశాడు.

జిగురు పొర కింద, కణాలను ఆనుకుని, వంకరగా, కామాల్లా.

తర్వాత అతను చెప్పింది ఇంకా విడ్డూరం. ఆ పురుగు కడుపులోని ఒక పదార్థాన్ని విడగొట్టి తన చుట్టూ యాసిడ్‌ను విరిచే అమోనియా చేసుకుంటుంది. యాసిడ్ సముద్రం మధ్యలో తనకంటూ చిన్న గూడు కట్టుకుని బతుకుతుంది. యాసిడ్లో ఏదీ బతకదన్న మా మాట అబద్ధం కాదు. అది యాసిడ్లో బతకడం లేదు, గూడులో బతుకుతోంది. ఇంత చిన్న ప్రాణి మా పాఠంలోని సందు కనిపెట్టుకుని లక్షల కడుపుల్లో కాపురం పెట్టింది. మేము దాన్ని మురికి నీళ్లు అన్నాం.

సూరత్ తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే గదికి వెళ్లి పాత స్లైడ్ల చెక్క ట్రేలు దించాను. ఆ ఏళ్లలో కోసిన అల్సర్ కడుపులన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కొక్కటి పెట్టి నూనె చుక్క వేసి చూశాను. మొదటి దాంట్లో ఉన్నాయి. రెండో దాంట్లో ఉన్నాయి. ఒకటీ అరా తప్ప అన్నింట్లో ఉన్నాయి. రంగు కాస్త వెలిసింది, అవి మాత్రం అలాగే ఉన్నాయి. తొమ్మిదేళ్లు చీకటి ట్రేలో నేను చూస్తానని కాచుకుని ఉన్నట్టు అనిపించింది. స్లైడ్ మారలేదు, కటకం మారలేదు, కళ్లు కూడా అవే. ఒక ఫొటో చూసొచ్చాను, అంతే. నా జీవితంలో నేను పొందిన అతి పెద్ద ఆశ్చర్యం అదే. దాని వెనకే సిగ్గు కూడా వచ్చింది.

రమణిక్‌భాయిని పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు కన్ను తీయలేదు.

"అంటే బెన్, నా నీళ్లు మంచివేనా?" అన్నాడు.

"మంచివే, భాయ్. మొదటి నుంచీ."

ఆయన తలూపి, వెళ్లి చేతులు కడుక్కుని, మళ్లీ బ్లేడు ముందు కూర్చున్నాడు. ఆ రోజు చెక్కిన పొరలు మాత్రం ఎప్పటికంటే పలుచగా వచ్చాయి.

పది గంటలకు దేశాయి సార్ వచ్చారు. ట్రే ఆయన బల్ల మీద పెట్టి, "ఇవి చూడండి సార్" అన్నాను. కోప్పడతారనుకున్నాను. ఆయన ఒక్కో స్లైడ్ చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ చూశారు. లేచి వెళ్లిపోయారు.

మర్నాడు వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు. పదేళ్లలో ఆయన నా బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదటిసారి.

"చదువుకునే రోజుల్లో నేనూ వీటిని చూశాను, విమలా. రాశాను కూడా. మా సార్ కొట్టేశారు."

ఆ మాట విన్నాక నాకు ఆయన మీద ఉన్న కోపం పోయింది. ఆ సారునూ ఇంకెవరో దిద్ది ఉంటారు. ఒక తరం కన్ను ఇంకో తరం కన్నును ఇలా మూస్తూ వచ్చింది. వాళ్లలో మూర్ఖులు లేరు. అందరూ తెలివైనవాళ్లు, అందరూ శ్రద్ధగా పనిచేసినవాళ్లు.

సత్తయ్య

అదే వారం పైనుంచి దుబాసీ పనికి పిలుపు వచ్చింది. మంచం మీద ఉన్న మనిషిని చూడగానే గుర్తుపట్టాను, రాజమల్లు ముఖమే. అతని తమ్ముడు సత్తయ్య. అన్నకు వచ్చిన జబ్బే; నోటి గుండా గొట్టం వేసి తీసిన చిన్న ముక్కలో అవే వంకర పురుగులు. గురువారం ఆపరేషను అనుకున్నారు.

దేశాయి సారుకు చెప్పాను. ఆయన ఎర్ర పెన్సిల్ బల్ల మీద పెట్టి, నాతోపాటు మెట్లెక్కి సర్జన్ గదికి వచ్చారు. కుర్చీలో కూర్చోకుండానే, "రెండు వారాలు మందులిచ్చి చూద్దాం. పురుగును చంపే మందులు" అన్నారు.

సర్జన్ మంచి పనివాడు, ఎందరి ప్రాణాలో నిలబెట్టినవాడు. "దేశాయి సాబ్, ఈ రెండు వారాల్లో పుండు నుంచి రక్తం పోతే? ఆ విదేశీ పేపర్లు వచ్చి రక్తం ఆపుతాయా?" అన్నాడు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. పాత పద్ధతిలో మనిషి కడుపు సగం పోయేది, కాని నొప్పి నిజంగానే తగ్గేది. యాసిడ్ తగ్గిస్తే పుండు మానుతుంది, అది ఇప్పటికీ నిజమే. తప్పు సిద్ధాంతం కూడా సగం పని చేస్తుంది. అందుకే అది అన్నేళ్లు నిలబడుతుంది.

చివరికి సర్జన్, "రోగి ఒప్పుకుంటే రెండు వారాలు ఆగుతాను. తర్వాత నా మాట" అన్నాడు.

సత్తయ్య మంచం దగ్గరికి వెళ్లి నాకు తెలిసింది, తెలియనిది రెండూ చెప్పాను. కడుపులో పురుగు ఉందని, మందులతో పోవచ్చని, పోకపోతే ఆపరేషను తప్పదని, ఈలోపు ప్రమాదం కూడా ఉందని.

"నువ్వైతే ఏం జేస్తవ్ మేడమ్?"

"మందులే వేసుకుంటా."

"మరి మా అన్నకు గిట్ల ఎందుకు జెప్పలే?"

"అప్పుడు నాకు తెల్వదు, సత్తయ్యా."

"సరే, ఇయ్యుండ్రి" అన్నాడు.

అయిదో రోజు సత్తయ్య భార్య పరుగున వచ్చింది. మలం తారులా నల్లగా అవుతోందంది. అల్సర్ నుంచి రక్తం పోతే మలం సరిగ్గా అలాగే ఉంటుంది. సర్జనుకు తెలిస్తే అతన్ని వెంటనే ఆపరేషన్ బల్ల ఎక్కిస్తాడు. దాచితే, అది నిజంగా రక్తమే అయితే, మనిషి పోతాడు. నేను ముందు సర్జనుకు చెప్పించాను, తర్వాత ఆ నమూనాలో రక్తం పరీక్ష నేనే చేశాను. రక్తం లేదు. నమ్మకం కలగక మళ్లీ చేశాను. లేదు. రమణిక్‌భాయి మూడోసారి చేశాడు. లేదు.

దేశాయి సార్ పుస్తకం తీశారు. మేమిచ్చిన మందుల్లో ఒకటి బిస్మత్. అది మలాన్ని నల్లగా మారుస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు, సత్తయ్యకు చెప్పడం మరిచిపోయాను. పదేళ్లు డాక్టర్ల మాటలు మోసినదాన్ని, నా సొంత మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ముఖ్యమైనది వదిలేశాను. సర్జన్ మూడు రిపోర్టులూ చూసి, నాడి చూసి, రక్తపోటు చూసి, "రెండు వారాలు పూర్తిచేయండి" అన్నాడు.

నెల దాటాక గొట్టం వేసి మళ్లీ చూశారు. పుండు మానింది. కడుపు పొర నుంచి తీసిన చిన్న ముక్క నా బల్లకు వచ్చింది. ఆ స్లైడ్ అంచు నుంచి అంచుకు చూశాను. జిగురు పొర కింద ఏమీ లేదు. ఎన్నడూ ఖాళీ చోటును అంత ఇష్టంగా చూడలేదు. దేశాయి సార్ కూడా చూసి, నన్నే రిపోర్టు రాయమని, దిద్దకుండా సంతకం పెట్టారు.

సత్తయ్య తన కడుపుతో, పూర్తి కడుపుతో, సాంచల మీదికి తిరిగి వెళ్లాడు.

లచ్చవ్వ

ఇక రాజమల్లుకు చెప్పాలి. ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. కోసేసిన కడుపును తిరిగి ఇవ్వలేం. భోజనం కాగానే అతనికి చెమటలు పట్టి కళ్లు తిరిగేవి, కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు తినేవాడు. మిగిలిన కడుపులో ఇంకా పురుగు ఉంటే అతనికీ మందులివ్వాలి. గొట్టం వేసి చూస్తే ఉంది.

భార్యాభర్తలిద్దరినీ మా గదికే పిలిచాను. రాజమల్లు కడుపు స్లైడ్ పెట్టి, మైక్రోస్కోప్‌లో చూడమన్నాను. అతను చూశాడు. "గివేనా?" అన్నాడు. తర్వాత లచ్చవ్వ చూసింది. ఆమెకు ఏం కనిపించిందో తెలియదు, కాని కన్ను తీసి చాలా నెమ్మదిగా అడిగింది.

"అంటే మేడమ్, నా కూరల కారం గాదా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆ రోజు నేను కారం మానమన్నప్పటి నుంచి ఆ ఇంట్లో కారం లేదు. తొక్కులు లేవు, పచ్చిపులుసు లేదు. అత్తగారు ఊళ్లో అందరికీ చెప్పింది, కోడలు కారం పెట్టి పెట్టి కొడుకు కడుపు కోయించిందని. తొమ్మిదేళ్లు లచ్చవ్వ అది మోసింది. సర్జన్ మాట తెలుగు చేసి ఆమె నెత్తిన పెట్టింది నేనే.

"కాదు లచ్చవ్వా. నీ తప్పు కాదు. మేము చెప్పిందే తప్పు" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజమల్లు నేల చూస్తూ అన్నాడు, "నేను గూడ అన్న మేడమ్. మంట లేసినప్పుడల్లా ఈమెనే అన్న." ఆమె లేచి, "పా, బస్సుకు పొద్దైతది" అంది. సత్తయ్య వేసుకున్న రెండు వారాల మందులే రాజమల్లుకూ రాయించుకుని ఇద్దరూ వెళ్లిపోయారు.

పిల్లలూ, ఒక సిద్ధాంతం మారిందని పుస్తకంలో చదివితే అది పండితుల మధ్య వాదంలా ఉంటుంది. ఎవరు ముందు, ఎవరు తర్వాత అని ఉంటుంది. పాత సిద్ధాంతాన్ని ఇంట్లో, వంటగదిలో మోసినవాళ్ల సంగతి అందులో ఉండదు. మీరు రిపోర్టులో రాసే వాక్యం ఎక్కడిదాకా పోతుందో మీకు కనిపించదు. కాని పోతుంది.

రెండో తప్పు

ఇంత చూశాక నాకు బుద్ధి వచ్చిందనుకుంటారు. రాలేదు.

కొన్నేళ్లకు దేశాయి సార్ రిటైరయ్యారు, విభాగం నా చేతికి వచ్చింది. అప్పటికి అల్సర్ అనగానే అందరూ పురుగు పేరే చెప్పేవాళ్లు. ఊళ్లోని వరాఛా పేట నుంచి వజ్రాలు సానబెట్టే ఒకాయన వచ్చాడు. పుండు ఉంది, స్లైడ్లో పురుగు లేదు. ముక్క సరైన చోట తీయలేదని రాసి పంపాను. మళ్లీ తీశారు, లేదు. మూడోసారి తీయమన్నాను. పురుగు ఉండి తీరాలి, కనిపించకపోతే ముక్కదే తప్పు అన్నట్టు ఉంది నా వరస. చూడండి, ఎటు తిప్పినా ఓడిపోని మాటను ఈసారి నేనే చెబుతున్నాను.

మూడో గొట్టం కోసం ఆయన బయట బెంచీ మీద కూర్చుంటే, రమణిక్‌భాయి టీ తాగుతూ కబుర్లాడాడు. లోపలికి వచ్చి, "బెన్, ఆయన రోజంతా సాన మీద వంగి కూర్చుంటాడు కదా, మెడనొప్పికి రోజూ రెండు బిళ్లలు మింగుతాడట, ఏళ్ల నుంచి. ఆ బిళ్లలకూ కడుపుకూ ఏమైనా ఉందా?" అన్నాడు.

ఉంది. ఆ బిళ్లలు కడుపు పొరను కాపాడే శక్తిని తీసేస్తాయి. వాటివల్ల కూడా పుండ్లు పడతాయి. అది నాకు తెలిసిన సంగతే. రోగిని అడగాల్సిన ఒక్క ప్రశ్న నేను అడగలేదు, టీ గ్లాసు పట్టుకుని రమణిక్‌భాయి అడిగాడు. మూడో గొట్టం ఆపించాను. బిళ్లలు మాన్పించి యాసిడ్ తగ్గించే మందిస్తే పుండు మానింది.

కొత్త సిద్ధాంతం పట్టుకున్నంత మాత్రాన కొత్త కళ్లు రావు. పాతదాన్ని ఎలా పట్టుకున్నామో కొత్తదాన్నీ అలాగే పట్టుకుంటాం, అదే పిడికిలితో. నా తర్వాతి ఏళ్లలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే, అది రమణిక్‌భాయి మాట వినడమే.

వెంట వచ్చింది

లచ్చవ్వ ఇప్పుడు సూరత్‌లోనే, పర్వత్ పాటియాలో కోడలితో కలిసి చిన్న మెస్ నడుపుతోంది. కొత్తగా సూరత్ వచ్చిన తెలుగు డాక్టర్లు, కంప్యూటరు ఉద్యోగాల పిల్లలు అక్కడే తింటారు. మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం నేనూ వెళ్లాను. రాజమల్లు గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసింది, మనిషి ఇంకా సన్నమే. ఇప్పటికీ కొంచెం కొంచెంగానే తింటాడు.

ఆ మధ్య చదివిన సంగతి ఒకటి అతనికి చెప్పాను. ఆ పురుగు మనిషితో చాలా పాత స్నేహంలో ఉందని. వేల వేల ఏళ్ల కిందట మనుషులు ఆఫ్రికా నుంచి బయల్దేరినప్పుడు వాళ్ల కడుపుల్లో అదీ బయల్దేరిందని. తల్లి నుంచి బిడ్డకు, అన్న నుంచి తమ్ముడికి అంటుకుంటూ నడిచిందని. ఇప్పుడు ఆ పురుగు జాతులను పోల్చి చూసి, ఏ మనుషులు ఏ దారిన ఏ దేశం చేరారో చెబుతున్నారని. అది ఉన్నవాళ్లలో చాలామందికి ఏ జబ్బూ రాదని, కొందరికి అది మేలు కూడా చేస్తుందేమోనని కొంతమంది డాక్టర్లు వెతుకుతున్నారని.

రాజమల్లు శ్రద్ధగా విన్నాడు. "అంటే మేం కరీంనగర్ల రైలెక్కినప్పుడు అది గూడ ఎక్కిందా మేడమ్?"

"ఎక్కింది. అంతకుముందు నడిచీ వచ్చింది."

"ఇప్పుడు మేలు జేస్తదంటున్నరు. రేపు ఇంకోటి అంటరా?"

"అనొచ్చు. నాకు తెల్వదు."

మెస్‌లో పళ్లేల చప్పుడు, లోపల తాలింపు ఘాటు. అతను గల్లా మూసి, చొక్కా మీది నుంచే పాత కుట్ల మీద చెయ్యి పెట్టుకున్నాడు. కోపంగా లేడు, సంతోషంగానూ లేడు. ఏదో చాలా పెద్దదాన్ని దూరం నుంచి చూస్తున్నట్టు ఉన్నాడు.

"మా తాతల తాతల కడుపులల్ల ఉన్నదాన్ని," అన్నాడు నిమ్మళంగా, "నువ్వు పద్నాలుగు రోజులల్ల ఎల్లగొట్టిచ్చినవన్నట్టు."